బోర్లించిన కార్డులు

మా అక్క వేళ్ళ చివర్లు ఎప్పుడూ నానిపోయి, తెల్లగా, ముడతలు పడి ఉండేవి. పద్నాలుగో ఏట మా బాబాయి ఫోటో స్టూడియోలో పనికి చేరింది. ఆమె పని ఫోటోలు కడగడం. చీకటిగదిలో కాగితం మీద బొమ్మ తేలాక, మందునీళ్ళలోంచి తీసి, ఒక పళ్ళెంలోంచి ఇంకో పళ్ళెంలోకి మారుస్తూ, కాగితానికి పట్టిన మందంతా పోయేదాకా మంచినీళ్ళలో ఆడించాలి. సరిగ్గా కడగకపోతే అప్పటికప్పుడు ఏమీ తెలియదు. పదేళ్ళకి ఫోటో పసుపెక్కి, మొహాలు మాసిపోతాయి. "ఇవాళ నేను బద్ధకిస్తే అప్పుడెప్పుడో ఎవరో ఏడుస్తారు" అనేది అక్క. ఆమె కడిగిన ఫోటో ఒక్కటి కూడా పసుపెక్కలేదు. తమ్ముణ్ణి కాబట్టి ఈ మాట అనడం లేదు. నేను అంత తేలిగ్గా ఎవర్నీ మెచ్చుకునే రకం కాదని మా వీధిలో ఎవర్నడిగినా చెప్తారు.

అందరూ ఆమెను నీళ్ళక్క అనేవారు. మనుషుల పేర్లు ఆమెకు గుర్తుండేవి కావు, మొహాలు మాత్రం పుట్టుమచ్చలతో సహా గుర్తుండేవి. దారిలో ఎవరైనా ఎదురైతే "ఈయన ఎడమ కనుబొమ్మ సగానికి తెగి ఉంటుంది, చూడు" అని నా చెవిలో ఊదేది. చూస్తే నిజంగానే ఉండేది. పెళ్ళి చేసుకుని వెళ్ళి, రెండేళ్ళకి పెట్టె పట్టుకుని తిరిగొచ్చింది. ఎందుకొచ్చావని బాబాయి అడిగితే, "ఆ బొమ్మ సరిగ్గా తేలలేదు బాబాయ్" అని, నడుముకి గుడ్డ కట్టుకుని చీకటిగదిలోకి పోయింది. ఆ తర్వాత ఎవరూ ఆ ఊసెత్తలేదు.

బాబాయి పోయాక స్టూడియో నా చేతికొచ్చింది. కొన్నేళ్ళకి ఫిల్మ్ రోజులు కూడా పోయాయి. పళ్ళేలు అటకెక్కాయి. చీకటిగదిలో విరిగిన కుర్చీలు చేరాయి. కొత్త కెమెరా వచ్చిందన్న సంబరంలో, అక్కకి పని లేకుండా పోయిందన్న సంగతి నా బుర్రకెక్కలేదు. ఆమె పైనున్న ఇంట్లో, వంటింట్లో మకాం పెట్టింది. అక్కడా కడగడమే. కడిగిన గిన్నెనే మళ్ళీ కడిగేది. ఒకరోజు అన్నం వడ్డిస్తూ రెండు చేతులూ నా ముందు చాపి, "చూశావురా, మామూలు మనుషుల చేతుల్లా అయిపోయాయి" అంది. నవ్వుతూనే అంది. నేనూ నవ్వేసి ఊరుకున్నాను.

నాది ముక్కు మీద కోపం. నేను పెళ్ళి చేసుకోకపోవడం ఒక ఆడమనిషికి చేసిన మేలు అని అక్క అందరితో అనేది. మిగతా విషయాల్లో ఎలా ఉన్నా, నా కెమెరా సంచీ ఎవరైనా తాకితే మాత్రం నాకు ఒళ్ళు మండేది. ఆ సంచీలో మెమరీ కార్డులు పెట్టుకునే చిన్న పర్సు ఉంది. దానికి ఆరు అరలు, ఆరు కార్డులు. ఖాళీ కార్డుని వెల్లకిలా పెడతాను, చీటీ పైకి కనబడేలా. నిండిన కార్డుని బోర్లా పెడతాను. పని హడావుడిలో ఏది నిండిందో ఏది ఖాళీగా ఉందో ఆలోచించే తీరిక ఉండదు. చెయ్యి దానంతటదే వెల్లకిలా ఉన్నదాని మీదికి పోతుంది. కార్డు వేయగానే దాన్ని శుభ్రం చేసుకోవడం ఇంకో అలవాటు. మొత్తం చెరిపేయాలా అని కెమెరా అడుగుతుంది, బొటనవేలు అవునని నొక్కుతుంది. మా వృత్తిలో చాలామంది ఇలాగే చేస్తారు. ఈ పద్ధతి నేను అక్కకి ఏనాడూ చెప్పలేదు. సంచీయే ముట్టుకోనివ్వనివాణ్ణి, అందులో ఏది ఎలా పెడతానో ఎందుకు చెప్తాను?

తొమ్మిదేళ్ళ కిందటి వానల్లో ఒక నర్సు పెళ్ళికి ఫోటోలు తీయడానికి ఒప్పుకున్నాను. చిన్న హాలు, అరవై మంది జనం. అందరూ కింద భోజనాల దగ్గర ఉండగా, నేను పైగదిలో పెళ్ళికూతుర్ని ఫోటోలు తీస్తుంటే ఒకాయన మెట్లెక్కి వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. పెళ్ళికూతురి మొహం పాలిపోయింది. "మా నాన్న" అంది, నాతోనో, తనలో తనో. ఆయన నది ఒడ్డు వీధిలో తాళాలు బాగుచేసే మనిషి. ఏడేళ్ళుగా తండ్రీకూతుళ్ళకి మాటల్లేవు. ఎందుకో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. గదిలో మేం ముగ్గురమే ఉన్నాం. "ఒక ఫోటో తియ్యనా?" అన్నాను. ఆయన వచ్చి కూతురి వెనకగా, కొంచెం పక్కకి నిలబడ్డాడు.

"ఇంకాస్త దగ్గరికి రండి" అన్నాను. ఒక్క అడుగు వేశాడు. "ఇటు చూడండి" అని నొక్కాను. ఒకే ఒక్కటి. ఆయన కూతురి భుజం మీద చెయ్యి వేసి, తీసి, వచ్చిన దారినే వెళ్ళిపోయాడు. "భోంచేసి వెళ్ళు నాన్నా" అని ఆ పిల్ల అనేసరికి ఆయన మెట్లు దిగేశాడు.

పెళ్ళికి మూడు కార్డులు నిండాయి. వచ్చే శనివారం వాళ్ళదే ఇంకో విందు ఉంది. రెండూ అయ్యాక ఒక్కసారే కంప్యూటర్లోకి ఎక్కిద్దాం లెమ్మని సంచీని స్టూడియోలో కింది అరలో పడేశాను. అది బద్ధకం. దానికి ఇంకో పేరు పెట్టను.

గురువారం నది పొంగింది. తాళాలాయన బయటపడ్డవాడల్లా, పనిముట్ల పెట్టె కోసం మళ్ళీ ఇంట్లోకి వెళ్ళాడట. శుక్రవారం మనిషి దొరికాడు, ప్రాణం లేదు. ఈ కబురు మా వీధి చివర మందుల షాపాయన తెచ్చాడు. అప్పటికి మా స్టూడియోలో నడుం లోతు నీళ్ళు. పైన ఇంట్లో నేనూ, అక్కా, నాతోపాటు కెమెరా. శనివారం నీళ్ళు తీశాక కిందికి దిగి చూస్తే కంప్యూటర్ నిండా బురద. సంచీని పైకెత్తితే కుండెడు నీళ్ళు కారాయి. "అంతా నాశనం" అని దాన్ని మెట్ల మీదికి విసిరికొట్టాను.

అక్క వచ్చి తీసింది. "ఇందులో నువ్వు చెప్పిన ఆ నర్సు పిల్లా వాళ్ళ నాన్నా ఉన్నారు కదూ?"

"ఉంటే?"

"ఉంటే ఏమిటిరా? ఇల్లు కూడా కూలిపోయింది. ఆ పిల్లకి వాళ్ళ నాన్న ఇంక ఇందులోనే ఉన్నాడు."

నాకూ ఆ మాట తగిలింది. గబగబా ఒక కార్డు చొక్కాకి తుడిచి కెమెరాలో వేయబోయాను. అక్క నా చేతి మీద ఒక్కటిచ్చింది. "తడి మీద కరెంటు పెడతావా? బతికున్నది కూడా చస్తుంది. అవతలికి పో."

అటకెక్కి పాత పళ్ళేలు దించింది. తాగడానికి దాచిన నీళ్ళలోంచే మూడు పళ్ళేల్లో పోసింది. ఆ రోజు మాకు ఆ నీళ్ళు బంగారంతో సమానం, అయినా నేను నోరెత్తలేదు. ఒక్కో కార్డునీ అంచులు పట్టుకుని, మొదటి పళ్ళెంలో, రెండో పళ్ళెంలో, మూడో పళ్ళెంలో ఆడించింది. బురదని వేలితో రుద్దలేదు. నీళ్ళే దాన్ని లాక్కుపోయేదాకా ఓపిక పట్టింది. తర్వాత దూదిని స్పిరిట్‌లో ముంచి, కార్డు వెనక ఇత్తడి రంగులో మెరిసే గీతల్ని ఒక్కొక్కటిగా తుడిచింది. మందుల షాపాయన తొంగిచూసి, బియ్యంలో పాతిపెడితే తడంతా లాగేస్తుందని సలహా ఇచ్చాడు. "బియ్యం పొడి సందుల్లోకి పోతే ఎవరు తీస్తారు? అయినా వీటితో అన్నం వండుతామా ఏమిటి?" అని ఆయన్ని పంపించేసింది.

ఎండలో పెట్టనివ్వలేదు. నీడపట్టున, గాలి తగిలే కిటికీ పక్కన, పలుచని నూలుగుడ్డ మీద పరిచింది. రెండు రోజులు అలాగే ఉంచింది. గంటకోసారి వెళ్ళి ఒక్కోదాన్నీ అటూ ఇటూ తిప్పేది. తిప్పుతూ కూనిరాగం తీసేది. ఆమె పాడగా నేను విని ఎన్నేళ్ళయిందో. వేళ్ళు మళ్ళీ నాని తెల్లబడ్డాయి. నేను కింద బురద ఎత్తి పోస్తూ, ఇంత నష్టంలో ఈవిడకి ఇదేం సంతోషమని విసుక్కున్నాను. అది ఆమెకి ఎన్నాళ్ళకో దొరికిన పని అని నాకు తట్టలేదు. తట్టి ఉంటే ఒక్కసారైనా పక్కన కూర్చునేవాణ్ణి.

సోమవారం మధ్యాహ్నానికి కూడా కరెంటు రాలేదు. నేను ఎప్పుడో వాడి వదిలేసిన పాత కెమెరా ఒకటి అక్క దగ్గర ఉండేది. దాని బ్యాటరీలో కాస్త ప్రాణం మిగిలింది. అందులో ఒక్కో కార్డూ వేసి చూసింది. ఆరూ బతికాయి. మూడింట్లో పెళ్ళి ఉంది, మూడు ఖాళీ.

"ఒరేయ్, ఇలా రా! తాళాలాయన ఉన్నాడు! వచ్చి చూడు" అని పైనుంచి కేకేసింది.

నా చేతులనిండా బురద. "ఉన్నాడు కదా, తర్వాత చూస్తాలే" అన్నాను.

ఆ సాయంత్రం అన్నం పెడుతూ, "కార్డులు పర్సులో సర్దేశాను. నిండినవి నిండినట్టు, ఖాళీవి ఖాళీగా" అంది. సంచీ ముట్టుకున్నందుకు ఆ ఒక్కసారి నాకు కోపం రాలేదు. "ఊఁ" అన్నాను, నోట్లో ముద్దతోనే.

మంగళవారం పొద్దున్నే మున్సిపాలిటీ గుమాస్తా పరుగెత్తుకుంటూ వచ్చాడు. నది ఒడ్డు వీధిలో కూలిన ఇళ్ళన్నీ జనం శుభ్రం చేసుకునేలోపే ఫోటోలు తీయాలి, సాయంత్రానికి పై ఆఫీసుకి చేరాలి. కెమెరా మెడలో వేసుకుని పర్సు తెరిచాను. మూడు బోర్లా ఉన్నాయి, మూడు వెల్లకిలా ఉన్నాయి. అచ్చం నేను పెట్టినట్టే ఉంది. చెయ్యి వెల్లకిలా ఉన్నదాని మీదికి పోయింది. కెమెరా అడిగింది. బొటనవేలు అవునంది.

సాయంత్రానికి మూడు కార్డులూ నింపాను. పడిన గోడలు, తలుపుల్లేని గుమ్మాలు, చెట్టుకి చిక్కుకున్న మంచం. తాళాలాయన ఇల్లు కూడా తీశాను, నాలుగు వైపుల నుంచీ.

ఆ ఫోటోలు గుమాస్తా లాప్‌టాప్‌లోకి ఎక్కించి, ఇంటికొచ్చి స్థిమితంగా కూర్చున్నాక, ఇప్పుడు చూద్దాం ఆయన్ని అనుకుని, బోర్లా ఉన్న కార్డు ఒకటి వేశాను. ఖాళీ. రెండోది వేశాను. అదీ ఖాళీ. మూడోదీ అంతే.

"అక్కా, నిండినవి ఏవి?"

"వెల్లకిలా పెట్టాను కదరా" అంది వంటింట్లోంచి. "నిండినదాన్ని ఎవరైనా బోర్లిస్తారా? ఖాళీవే బోర్లించాను."

వంటింటి గుమ్మంలోకి వెళ్ళి నిలబడ్డాను. అరలో గిన్నెలు వరుసగా బోర్లించి ఉన్నాయి. కడిగినవి, ఖాళీవి. పొయ్యి పక్కన పాలగిన్నె, పప్పుగిన్నె వెల్లకిలా ఉన్నాయి. నలభై ఏళ్ళుగా ఆ ఇంట్లో బోర్లించడం అంటే ఖాళీ అనే అర్థం. నా సంచీలో మాత్రమే దానికి వేరే అర్థం. అది నా ఒక్కడికే తెలుసు.

అప్పుడు నేను అన్న మాటలన్నీ ఇక్కడ రాయలేను. నిన్నెవరు ముట్టుకోమన్నారన్నాను. తెలియని పనిలో వేలు పెట్టి మనిషిని రెండోసారి ముంచావన్నాను. అక్క తడి చేతులతో అలాగే నిలబడి వింది. "ఒక్క మాట చెప్పి ఉంటే..." అని మొదలుపెట్టి, మింగేసింది. ఆమె కళ్ళలో నీళ్ళు చూసి కూడా నేను ఆగలేదు.

కరెంటు వచ్చాక, చెరిగిపోయిన ఫోటోలు తిరిగి లాగే పనివాడి దగ్గరికి మూడు కార్డులూ పట్టుకెళ్ళాను. రెండు రోజులు కూర్చుని పదకొండు ఫోటోలు తీసిచ్చాడు. తిని వదిలేసిన పళ్ళేలు, ఎవరిదో బూటు, సగం తెగిన కుర్చీల వరుస. మిగతా చోటంతా కూలిన ఇళ్ళు పరుచుకున్నాయన్నాడు. కొట్టుకుపోయిన మనిషిని నీళ్ళలోంచి మా అక్క తీస్తే, ఆయన ఇంటి ఫోటోతో ఆయన్ని కప్పేశాను.

ఆ రోజు నుంచి అక్క గిన్నెలు బోర్లించడం మానేసింది. కడిగి వెల్లకిలానే పెట్టేది. దుమ్ము పడితే వండే ముందు మళ్ళీ కడుక్కునేది. నేను చూసేవాణ్ణి. బోర్లించుకో అక్కా అని ఒక్క మాట అనడానికి నాకు మొహం చెల్లలేదు.

తండ్రి పోయిన పదో రోజో, పన్నెండో రోజో ఆ నర్సమ్మాయి వచ్చింది. "పెళ్ళి ఫోటోలు ఎప్పుడైనా పర్లేదండీ. నాన్నది ఒక్కటి ఇప్పుడే ఇస్తారా?" అంది. నేను ముందే మాట సిద్ధం చేసుకున్నాను. "కార్డులన్నీ నీళ్ళపాలయ్యాయమ్మా" అన్నాను. అంతా నీళ్ళలో మునిగిన ఊరు, ఎవరు అనుమానిస్తారు?

"లేదు" అంది అక్క, నా వెనక నుంచి. "నీళ్ళు దాన్ని ఏమీ చెయ్యలేదమ్మా. నేను ఆరబెట్టాను, బాగానే వచ్చింది. మళ్ళీ సర్దేటప్పుడు తప్పుగా పెట్టాను. దాని మీద వేరే ఫోటోలు పడి చెరిగిపోయింది. తప్పు నాది."

నేను అక్కడే ఉన్నాను. చెరిపింది నేనని నోటి చివరి దాకా వచ్చింది. రానివ్వలేదు.

ఆ పిల్ల అరవలేదు, ఏడవలేదు. అక్క మొహంలోకి చూసి, "అయితే మీరు చూశారా అక్కా ఆ ఫోటో?" అంది.

"చూశాను. పెద్దది చేసి చూశాను."

"నేను కెమెరా వైపు చూస్తున్నాను. నాన్న నా వెనకాల ఉన్నాడు. ఎటు చూస్తున్నాడో నాకు తెలీదు. ఎటు చూస్తున్నాడు?"

"నీ వైపే" అంది అక్క. "కెమెరా వైపు కాదు. మెడ కొంచెం నీ వైపు వంచి, నీ చెంపకేసి చూస్తున్నాడు. పెదవులు బిగపట్టి ఉన్నాయి. కోపంగా లేడు."

మొహాల విషయంలో మా అక్క ఉన్నది ఉన్నట్టే చెప్తుంది, లేనిది కల్పించదు. ఆ సంగతి ఆ పిల్లకి ఎలా తెలిసిందో గాని, నమ్మింది. ఆ తర్వాత రెండు మూడు నెలలకోసారి డ్యూటీ దిగి వచ్చేది. వంటింట్లో స్టూలు మీద కూర్చుని, ఆ కబురూ ఈ కబురూ చెప్పి, చివరికి "ఇంకోసారి చెప్పరూ" అనేది. అక్క అవే మాటలు చెప్పేది, ఒకటి ఎక్కువ కాదు, ఒకటి తక్కువ కాదు. తొమ్మిదేళ్ళు అలా నడిచింది. తొమ్మిదేళ్ళూ తప్పు అక్కదిగానే నడిచింది.

పోయిన నెల అక్క పోయింది. చివరి మూడు వారాలూ నర్సమ్మే దగ్గరుండి ఒళ్ళు తుడిచి, మందులు వేసింది. అక్క పోయిన వారానికి మళ్ళీ వచ్చి, అలవాటుగా ఆ స్టూలు మీదే కూర్చుంది. నేను ఇంక తట్టుకోలేకపోయాను.

"అమ్మా, ఆ రోజు తప్పు అక్కది కాదు. చెరిపింది నేను. ఏది ఎలా పెడతానో ఆమెకి ఎప్పుడూ చెప్పలేదు. చెరపమంటావా అని కెమెరా అడిగితే, చూసుకోకుండా అవునన్నాను. అక్క తన మీద వేసుకుంటే నోరు మూసుకుని నిలబడ్డాను."

"అక్క పోయాక చెప్తున్నారు" అంది. అంతే. తిట్టి ఉంటే ఎంతో బాగుండేది.

తనే మళ్ళీ అంది. "తీసింది మీరు కదా. ఇన్నేళ్ళూ మిమ్మల్ని ఒక్కసారి కూడా అడగలేదు. నాన్న ఎలా ఉన్నాడు?"

"నీ వైపే చూస్తూ, మెడ కొంచెం వంచి..."

"అది అక్క చూసింది. మీరు చూసింది చెప్పండి."

కళ్ళు మూసుకుని వెతికాను. కిటికీలోంచి పడుతున్న వెలుతురు గుర్తుంది. గోడ రంగు గుర్తుంది. ఆయన మొహం మాత్రం ఎంతకీ రాలేదు. నా ఎదురుగా మనిషి నిలబడితే నేను వెలుతురు చూసుకున్నాను.

"మొహం గుర్తు లేదమ్మా" అన్నాను. "చొక్కా కాలర్ ఒక్కటే గుర్తుంది. ఎడమ వైపు లోపలికి మడతపడి ఉంది. సరిచేసుకోమని చెబుదామనుకున్నాను. ఇంకోటి తీసేటప్పుడు చెప్పొచ్చులే అనుకున్నాను."

ఆమె తలెత్తింది. "కాలరా?"

"ఆఁ. ఎడమ వైపు."

"ఎప్పుడూ అంతే ఆయన, తొందర తొందరగా తొడుక్కుంటాడు. పొద్దున్నే కొట్టుకి వెళ్ళే ముందు నా దగ్గరికి వచ్చి నిలబడేవాడు. నోటితో చెప్పేవాడు కాదు. నాకు అందేలా మెడ వంచేవాడు. నేను లాగి సరిచేసేదాన్ని."

ఆ మాట అనేశాక ఆమెకే అర్థమైంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి నా ఎదుట, మొహం చేతుల్లో దాచుకుని, పెద్దగా ఏడ్చింది. "ఆ రోజు కూడా వంచాడు. నేనేమో కెమెరాకేసి చూస్తున్నాను" అంది.

ఇటు చూడమన్నది నేనే.